అమ్మ బగ్ ఫైల్ చెయ్యదు

మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఒక జబ్బుంది. ఏ వస్తువు కొనాలన్నా ముందు ఒక స్ప్రెడ్‌షీట్ తెరుస్తాం. అందులో కాలమ్స్ సరైనవా కావా అని మాత్రం ఆలోచించం. నేనూ ఆ బాపతే.

రెండేళ్ళ క్రితం అమ్మా నాన్నా మొదటిసారి అమెరికా వచ్చారు. మే నెలలో యోసెమిటీ తీసుకెళ్ళి రెండు రాత్రులు టెంటులో ఉందామనుకున్నాం. నేను, మా ఆవిడ, రెండేళ్ళ పాప, అమ్మ, నాన్న. అప్పర్ పైన్స్ క్యాంప్‌గ్రౌండ్‌లో చోటు దొరకడమంటే పండక్కి తత్కాల్ టికెట్ దొరికినట్టే. నెలల ముందు, ఉదయం సరిగ్గా 7 గంటలకి లాగినై కూర్చుంటే దొరికింది. ఇక సామాను. నా స్ప్రెడ్‌షీట్‌లో బరువు, మడిస్తే ఎంతవుతుంది, ధర, ఎన్ని స్టార్లు... ఇవీ కాలమ్స్. ఎన్నో రివ్యూలు చదివాను. అవన్నీ వీపున సంచీ వేసుకుని రోజుకి పదిహేను మైళ్ళు కొండలెక్కే కుర్రాళ్ళు రాసినవని తట్టలేదు. టెంటుకి పది అడుగుల దూరంలో కారు ఆపుకునేవాణ్ణి, గ్రాములు లెక్కపెట్టాను!

మా ఇద్దరికీ తేలికపాటి ప్యాడ్లు కొన్నాను. అమ్మానాన్నలకి మాత్రం మెత్తగా ఉంటుందని గాలి పరుపు. రాత్రి 2 గంటలకి మెలకువ వచ్చి చూస్తే పరుపు మీద నాన్న ఒక్కడే ఉన్నాడు. అమ్మ కారు ముందు సీట్లో శాలువా కప్పుకుని కూర్చుంది.

"ఏంటమ్మా?" అంటే "నిద్ర పట్టట్లేదురా, అంతే. నాకేం పర్లేదు. నువ్వెళ్ళి పడుకో, పాప లేస్తుంది" అంది.

అసలు సంగతి పొద్దున నాన్న చెప్పాడు. కింద నుంచి చలి పాకి వెన్ను పట్టేసింది. లేద్దామంటే మోకాళ్ళు సహకరించలేదు. చేతులూ మోకాళ్ళ మీద పాక్కుంటూ టెంటు గుమ్మం దాకా వెళ్ళి, నాన్న భుజం పట్టుకుని లేచింది. ఇంకో మాట కూడా చెప్పాడు. రాత్రి బాత్రూమ్‌కి లేవాల్సి వస్తుందని మధ్యాహ్నం నుంచీ మంచినీళ్ళే తాగలేదట.

ఆ మాట విన్నాక నా స్ప్రెడ్‌షీట్ మీద నాకే అసహ్యం వేసింది.

ఇప్పుడు నా అభిప్రాయం సూటిగా చెప్తాను. కారులో వెళ్ళే ఫ్యామిలీ క్యాంపింగుకి బరువు అసలు ప్రమాణమే కాదు. ఆ రాత్రి ఇంట్లో ఎవరికి అందరికన్నా కష్టమవుతుందో, వాళ్ళ అవసరమే మొదటి స్పెక్. చిక్కేంటంటే ఆ మనిషి నోరు తెరిచి చెప్పదు. అమ్మ ఎప్పుడూ బగ్ ఫైల్ చెయ్యదు. ఫిర్యాదులు రాలేదు కాబట్టి ప్రాడక్ట్ బావుందనుకుంటే ఏమవుతుందో మనకి ఆఫీసులో తెలుసు కదా!

డబ్బులో మొదటి వాటా ఒంటి కింద ఉండేదానికి పెట్టండి. మామూలు గాలి పరుపు ఎంత మందంగా ఉన్నా లోపల ఖాళీ గాలే. ఆ గాలి అటూ ఇటూ తిరుగుతూ ఒంటి వేడిని నేలకి అప్పజెప్తుంది. ప్యాడ్ కొనేటప్పుడు ఆర్-వాల్యూ చూడండి. ఎంత ఎక్కువుంటే చలి అంత ఆగుతుంది. 2020 నుంచి పేరున్న కంపెనీలు చాలావరకు ఒకే ఏఎస్‌టీఎం పద్ధతిలో కొలుస్తున్నాయి కాబట్టి పోల్చి చూసుకోవచ్చు. చలి రాత్రులకి నేనైతే 4కి తగ్గను. ఒకదాని మీద ఒకటి వేస్తే విలువలు కలుస్తాయి కూడా.

మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి మడత మంచం తీసుకోండి. కూర్చుంటే పాదాలు నేలకి ఆనే ఎత్తుండాలి. కింద గాలి ఆడుతుంది కనుక మంచం మీద కూడా ప్యాడ్ వెయ్యాల్సిందే. గోడలు నిటారుగా ఉండే టెంటైతేనే మంచం బాగా పడుతుంది. "ఆరుగురి టెంటు" అంటే ఆరుగురు వక్కల్లా పేర్చినట్టు పడుకుంటే పట్టేదని అర్థం, సామానుకి చోటుండదు. మీ లెక్కకి ఇద్దర్ని కలిపి కొనండి. లోపల నిలబడి చీర సర్దుకునే ఎత్తుండాలి. కుర్చీలు కూడా అంతే, నేలబారువి వద్దు. చేతులున్నవి, కాస్త ఎత్తైనవి తీసుకోండి.

స్లీపింగ్ బ్యాగుల మీద పెద్ద అక్షరాల్లో ఉండే డిగ్రీలు చాలాసార్లు 'లిమిట్' అంకె, అంటే ముడుచుకుని పడుకుని ఎలాగో నెట్టుకొచ్చే చలి. మీరు చూడాల్సింది 'కంఫర్ట్' అంకె. అసలు కారు ఉందిగా, ఇంట్లో రజాయిలు పట్టుకెళ్ళండి, ఎవరొద్దన్నారు?

ఇక స్టవ్. రెండు బర్నర్లది, ప్రొపేన్‌ది మేలు. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరకొచ్చేసరికి ఆవిరవడం మానేస్తుంది, పొద్దున్నే టీ కి దెబ్బ. అక్కడ 4,000 అడుగుల ఎత్తులో నీళ్ళు 96 డిగ్రీలకే మరుగుతాయి కాబట్టి పప్పుకి చిన్న కుక్కర్ ఉండాలి. ఎంత చలైనా టెంటు లోపల స్టవ్ గానీ బొగ్గులు గానీ వెలిగించొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. వాసనొచ్చేవన్నీ, అంటే ఆవకాయ సీసా, పాప వైప్స్, టూత్‌పేస్ట్ కూడా ఎలుగుబంట్ల కోసం పెట్టిన ఇనప లాకర్లోకి వెళ్ళాల్సిందే. ఎలుగుబంటికి ఆవకాయ అలవాటైతే పార్కు మొత్తానికి ఇబ్బంది :)

ఇదంతా విని మా ఆఫీసులో ఒకడు "మంచాలూ కుర్చీలూ మోసుకెళ్తే అది క్యాంపింగ్ ఎలా అవుతుంది? హోటల్‌కే వెళ్ళొచ్చుగా?" అన్నాడు. మా తాతయ్య ఎండాకాలమంతా కళ్ళం దగ్గర నులక మంచం మీదే పడుకునేవాడు. అది ఆరుబయట కాదని ఆయనతో ఎవరూ అనలేదు. కష్టపడితేనే ప్రకృతి అనుకోవడం పాతికేళ్ళ మోకాళ్ళున్నవాళ్ళ సిద్ధాంతం. చుక్కలు అందరివీ.

అదే ఏడాది సెప్టెంబరులో, అమ్మావాళ్ళు తిరిగి వెళ్ళేముందు మళ్ళీ వెళ్ళాం. తేలిక ప్యాడ్లు రెండూ తిరిగిచ్చేస్తే వచ్చిన డబ్బుతోనే రెండు మడత మంచాలు కొన్నాను. వాటి మీద ప్యాడ్లు, ఆపైన ఇంటి రజాయిలు. మంచం పక్కనే చెప్పులు, తలకి కట్టుకునే లైటు. రాత్రి ఎప్పుడో చప్పుడైతే కళ్ళు తెరిచాను. అమ్మ తనంతట తను లేచి కూర్చుని, లైటు వేసుకుని, మా ఆవిణ్ణి తోడు రమ్మని లేపుతోంది. వచ్చాక సీసా ఎత్తి గటగటా నీళ్ళు తాగి పడుకుంది.

నాకు ఏ రివ్యూలోనూ అంతకన్నా మంచి రేటింగ్ కనపడలేదు.