పళ్లున్న అణువు

పిల్లల సైన్సు పుస్తకంలో కిరణజన్య సంయోగక్రియ ఒక్క సమీకరణంతో సరి. నీళ్లు, కార్బన్ డయాక్సైడు, ఎండ కలిస్తే పిండిపదార్థం, ఆక్సిజన్. రాస్తే రెండు మార్కులు. కానీ ఆ నీటిని విడగొట్టడం ఎంత కష్టమో ఇంజినీర్లని అడగాలి. నీటిలోంచి చౌకగా హైడ్రోజన్ తీయగలిగితే పెట్రోలు బెంగ చాలామటుకు తీరుతుంది. అందుకు వాడే కొన్ని యంత్రాలకి బంగారం కన్నా అరుదైన ఇరీడియం కావాలి. పెరట్లో తోటకూర మాత్రం అదే పనిని మాంగనీసు, కాల్షియంతో కానిచ్చేస్తుంది. మాంగనీసంటే మన విజయనగరం జిల్లా గరివిడి, చీపురుపల్లి వైపు గనుల్లో తవ్వి తీసిన లోహమే!

ఆకులోని ఓ ప్రొటీన్ మధ్యలో నాలుగు మాంగనీసు, ఒక కాల్షియం, ఐదు ఆక్సిజన్ పరమాణువులు గుంపుగా కూర్చుని ఉంటాయి. ఆ గుంపే నీటిని విడగొడుతుంది. జపాన్‌లో జియాన్ రెన్ షెన్, నోబువో కమియా బృందాలు 2011లో దాని ఆకారాన్ని స్పష్టంగా చూపించాయి. కాస్త వంకర తిరిగిన కుర్చీలా ఉందట. మూడు మాంగనీసులు, కాల్షియం ఉన్న ఘనం కూర్చునే భాగం. నాలుగో మాంగనీసు వీపు ఆనించుకునే వైపు.

ఆకారం తెలిసింది కదా, ప్రయోగశాలలో చేసేస్తే పోలా? అక్కడే ఉంది తిరకాసు. మాంగనీసుకి ఆక్సిజన్ అందితే ఒకదానికొకటి అతుక్కుంటూ పోతాయి. చివరికి మిగిలేది టార్చిలైటు బ్యాటరీ పగలగొడితే కనిపించే నల్లపొడి లాంటిది. మూడు దగ్గర ఆగమంటే ఆగవు.

ఆపాలంటే పట్టుకునేవాళ్లుండాలి. లోహాన్ని అలా పట్టుకునే అణువుని లిగాండ్ అంటారు. పట్టుకునే ఒక్కో చోటునీ రసాయన శాస్త్రవేత్తలు 'పన్ను' అనే లెక్కేస్తారు. అమ్మోనియాది ఒంటిపన్ను. షాంపూ సీసా మీద పేరు కనిపించే ఈడీటీఏకి ఆరు పళ్లు. పళ్లు ఎక్కువుంటే ఒకటి జారినా మిగతావి వదలవు. పీత డెక్క పట్టు అన్నమాట. అయితే ఈడీటీఏ ఆరు పళ్లతోనూ ఒక్క లోహాన్నే కరుస్తుంది. మనకి కావలసింది మూడింటిని పక్కపక్కనే, కొలత తప్పకుండా పట్టే నోరు. పళ్లు మరీ దగ్గరైతే అన్నీ ఒకదాన్నే పడతాయి. దూరమైతే లోహాలు ఒకదాన్నొకటి అందుకోలేవు.

అమెరికాలో కాల్‌టెక్‌కి చెందిన థియోడోర్ అగాపీ బృందం ఈ చిక్కుని విప్పిన తీరు ముచ్చటగా ఉంటుంది. నడుమ వంగని బెంజీన్ వలయం, దానికి ముక్కాలి పీటలా మూడు చేతులు. మొత్తం ఆరు నైట్రోజన్, మూడు ఆక్సిజన్ పళ్లు. ముందు మూడు మాంగనీసుల్ని అందులో కూర్చోబెట్టి, తర్వాత కాల్షియాన్నీ ఆక్సిజన్‌నీ చేర్చారు. 2011లోనే కుర్చీ కింది భాగం తయారైంది!

అదే లిగాండ్‌తో చేసిన ఇలాంటి గుంపుల్లో కాల్షియం స్థానంలో వేరే లోహాలు పెట్టి, 2013లో ఇంకో సంగతి బయటపెట్టారు. లోహం మారితే గుంపు ఎలక్ట్రాన్లను పుచ్చుకునే తీరు మారిపోయింది. కాల్షియం, స్ట్రాన్షియంలకి మాత్రం దాదాపు ఒకటే. ఆకులో కూడా కాల్షియం తీసేస్తే ఆ పని చేయగలిగేది స్ట్రాన్షియమే! నా లెక్కలో కుర్చీ తయారీ కన్నా ఇదే పెద్ద విజయం.

నాలుగో మాంగనీసుతో సహా కుర్చీని దాదాపుగా కట్టింది 2015లో చైనా శాస్త్రవేత్త చున్‌షీ ఝాంగ్ బృందం. విచిత్రమేమంటే, వాళ్లకి ఇన్ని పళ్ల లిగాండ్ అవసరమే పడలేదు. మామూలు ఆమ్లం ఒకటి సరిపోయింది.

ఇన్ని చేసినా, ఆకులా రోజంతా ఆగకుండా నీటిని విడగొట్టే పని ఈ నమూనాలకి పట్టుబడలేదు. ఆ మాటకొస్తే ఆకులోనిదీ ఎండ ధాటికి పాడైపోతుంది. మండుటెండలో దాన్ని పట్టుకునుండే ప్రొటీన్‌ని సుమారు అరగంటకోసారి మొక్క తీసేసి, కొత్తది అమర్చుకుంటుంది. గాజుకుప్పెలోని గుంపుకి ఆ మరమ్మతు చేసేవాళ్లు లేరు.