కొత్త కంప్యూటర్ కొనేముందు

జానపద గీతాలు, భజనలు, చర్చి పాటలు ఇప్పుడు ఇళ్లలోనే రికార్డవుతున్నాయి. సిద్దిపేటలో అయినా పాలకొల్లులో అయినా పడకగదిలో ఒక ల్యాప్‌టాప్, ఒక మైకు, దాన్ని ల్యాప్‌టాప్‌కి కలిపే ఒక ఆడియో ఇంటర్‌ఫేస్ ఉంటే పాట తయారై యూట్యూబ్‌కి ఎక్కేస్తోంది. ఈ గదుల్లోంచి తరచూ వినిపించే మొర ఒకటుంది: "హెడ్‌ఫోన్‌లో నా గొంతు నాకే లేటుగా వినపడుతోందండీ, తాళం నిలవట్లేదు." షాపులో అడిగితే మెషీన్ పాతబడింది, కొత్తది తీసుకోమంటారు. అప్పు చేసి తీసుకుంటారు. కొత్త మెషీన్‌లోనూ గొంతు లేటుగానే వస్తుంది. పాట మీద ప్రేమతో చేసిన అప్పు ఇలా వృథా కావడం చూస్తే నాకు కడుపు మండుతుంది.

అసలు ఈ ఆలస్యం ఎక్కడిదంటే, కంప్యూటర్ ధ్వనిని శాంపిల్స్‌గా కోసి, కొన్నింటిని పోగు చేసుకుని, ఒక్కో పోగునూ ఒక్కో విడతగా అందుకుంటుంది. ఆ పోగే బఫర్. సెకనుకు 44,100 శాంపిల్స్ చొప్పున రికార్డు చేస్తూ బఫర్‌ను 1024 మీద ఉంచితే, అది నిండటానికి 23 మిల్లీసెకన్లు పడుతుంది. లోపలికి వచ్చేటప్పుడు ఒకసారి, బయటికి వెళ్లేటప్పుడు ఒకసారి, వెరసి 46. గాలిలో అంతసేపట్లో ధ్వని దాదాపు 16 మీటర్లు పోతుంది. అంత దూరం నుంచి వచ్చే తన గొంతు వింటూ ఎవరు మాత్రం తాళం నిలబెట్టగలరు? అదే బఫర్‌ను 128కి దించండి. ఆలస్యం 6 మిల్లీసెకన్లకు, దూరం 2 మీటర్లకు తగ్గిపోతుంది. ఇంటర్‌ఫేస్ తన వంతుగా ఇంకాస్త కలుపుతుంది గానీ, పాడేవారు దాన్ని పట్టించుకోరు.

అయితే విండోస్ మామూలు సౌండ్ డ్రైవర్‌తో ఈ పని కుదరదు. ఇంటర్‌ఫేస్ కంపెనీ ఇచ్చే ఏఎస్ఐఓ డ్రైవర్ వేసుకోవాలి. స్టైన్‌బర్గ్ సంస్థ 1997లో తెచ్చిన పద్ధతి ఇది. మ్యాక్‌లో కోర్ ఆడియో ముందే ఉంటుంది. ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ మానిటర్ మీట ఉంటే గొంతు కంప్యూటర్‌లోకి వెళ్లకుండానే చెవికి చేరుతుంది, గొడవే ఉండదు. బ్లూటూత్ ఇయర్‌ఫోన్‌తో మాత్రం పాడకండి. దాని ఆలస్యాన్ని ఏ సెట్టింగూ పూర్తిగా పోగొట్టలేదు.

బఫర్ తగ్గించగానే చిటపటలు మొదలైతే, అప్పుడు కూడా నింద ప్రాసెసర్ మీదికి పోకూడదు. వైఫై ఆపి చూడండి. పవర్ సెట్టింగ్‌ను హై పెర్ఫార్మెన్స్‌లో పెట్టండి. ఇంటర్‌ఫేస్‌ను యూఎస్‌బీ హబ్‌లోంచి తీసి నేరుగా ల్యాప్‌టాప్‌కే గుచ్చండి. ఏ డ్రైవర్ అడ్డుపడుతోందో లేటెన్సీమాన్ అనే చిన్న ప్రోగ్రాం పేరుతో సహా చెబుతుంది. ఒకసారికి ఒక్కటే మార్చి చూడాలి, లేకపోతే జబ్బు దేనితో నయమైందో తెలియదు. రికార్డింగ్ అయిపోయి మిక్సింగ్‌కి వచ్చాక బఫర్ మళ్లీ 1024కి పెంచుకోండి, అప్పుడు ఆలస్యంతో పని లేదు. పాట ఉన్నట్టుండి ఒకటిన్నర స్వరస్థానాల మేర పైశ్రుతిలో, వేగంగా వినిపిస్తే భయపడక్కర్లేదు. 44,100 దగ్గర రికార్డు చేసినదాన్ని 48,000 దగ్గర వినిపిస్తున్నారన్నమాట.

ఇక గుయ్యిమనే హమ్. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ మోత 50 దగ్గర, దాని గుణిజాల దగ్గర వస్తుంది. ల్యాప్‌టాప్ చార్జర్ పీకితే ఆగిపోతే, మైకు మంచిదే, తప్పు కరెంటు దారిలో ఉంది. సామానంతా ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టండి, స్పీకర్లకు బ్యాలెన్స్‌డ్ కేబుళ్లు వాడండి. మోత పోవాలని మూడో పిన్ను విరిచేసే అలవాటు కొందరిలో ఉంది. అది ప్రాణాలు తీసే పని. చేతిలో ఇనుప మైకు, పెదవులకు ఆనుకుని దాని జాలీ, ఎర్త్ లేని ప్లగ్గు: ఈ మూడూ కలిసిన చోట ఎవరూ పాడకూడదు. ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తింగ్ చూపించుకోండి. ఉప్పూ బొగ్గూ వేసిన పాతకాలపు గుంత అయితే ఎండాకాలంలో నీళ్లు పోస్తూ ఉండాలి. కొత్త ల్యాప్‌టాప్ ధరతో పోలిస్తే ఇది చిల్లర ఖర్చు.

క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ గురించి ఒక్క మాట. వైరస్‌లతో పాటు, సగం పాటలో మూసుకుపోయే జబ్బు కూడా దానితోనే రావచ్చు. ట్యూన్లు కట్టుకోవడానికి వాడే ఎల్ఎంఎంఎస్ ఉచితం. రికార్డింగ్‌కి వాడే రీపర్‌ను 60 రోజులు పరీక్షించి చూడవచ్చు, సొంత వాడకానికి లైసెన్సు 60 డాలర్లు.

ఇందులో ఏదీ ఇంజినీరింగ్ చదివితే తప్ప అర్థంకాని విద్య కాదు. ఒక పూట కూర్చోబెట్టి చేత్తో చేయిస్తే వచ్చేస్తుంది. విజయనగరం సంగీత కళాశాల 1919 నుంచి గాత్రం, వీణ, వయొలిన్ నేర్పుతోంది. అలాంటి ప్రతి ప్రభుత్వ సంగీత కళాశాలలోనూ ఒక గది, ఒక మామూలు కంప్యూటర్, ఒక ఇంటర్‌ఫేస్ పెట్టి, ప్రతి విద్యార్థి చేతా ఒక కీర్తన రికార్డు చేయించాలి. సర్టిఫికెట్ ఇచ్చేముందు బఫర్ ఎంత పెట్టావు, ఎందుకు పెట్టావు అని అడగాలి. బయట పాడుకునే జానపద కళాకారులకూ ఆ గది తలుపు ఆదివారాలు తెరవాలి.