కంప్యూటర్ కబుర్లు: పళ్ళెం తిరిగి ఇచ్చే మర్యాద

నెల చివరి రోజున జీతపు చీటీ చూసుకోవడానికి ఉద్యోగులందరూ ఒకేసారి కంప్యూటర్ల ముందు కూర్చుంటారు. తెర కదలదు. “సర్వర్ పాతబడింది, కొత్తది కొనాలి” అన్న మాట వెంటనే వినిపిస్తుంది. అయితే చాలాసార్లు లోపం యంత్రంలో గాక, దానిని నలుగురూ పంచుకొనే పద్ధతిలో ఉంటుంది. ఈ నెల ఆ పద్ధతిని గూర్చి పాఠకులకు వివరించదలచాము.

మన బల్ల మీది యంత్రం క్లయింటు. సమాచారాన్ని భద్రపరచే డేటాబేసు సర్వర్‌లో ఉంటుంది. ఈ రెంటి నడుమ ఏర్పడే సంబంధమే కనెక్షన్. దానిని నెలకొల్పడానికి నెట్‌వర్కులో పలకరింపులు జరగాలి, పాస్‌వర్డు సరిచూడాలి, సర్వర్ కొంత మెమరీ కేటాయించాలి. పోస్ట్‌గ్రెస్ డేటాబేసు ఒక్కొక్క కనెక్షన్‌కు ఒక్కొక్క ప్రాసెస్‌నే నియమిస్తుంది. అందుకే పరిమితులు ఉంటాయి. మనం మార్చనంతవరకు పోస్ట్‌గ్రెస్‌లో 100, మైఎస్‌క్యూఎల్‌లో 151 కనెక్షన్లకే అనుమతి.

ఈ శ్రమను తగ్గించేదే కనెక్షన్ పూల్. మన క్యాంటీన్‌నే చూడండి. వెయ్యి మంది భోజనం చేసే చోట వెయ్యి పళ్ళాలు అక్కరలేదు. తిన్నవారు తిరిగి ఇస్తే, కడిగి మరొకరికి ఇస్తారు. పూల్ కూడా కొన్ని కనెక్షన్లను ముందే తెరచి ఉంచి, అడిగిన ప్రోగ్రాముకు ఎరువిచ్చి, పని కాగానే వెనుకకు తీసుకొంటుంది.

మరి ఎన్ని కావాలి? జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం ఇక్కడ ఉపకరిస్తుంది. సెకనుకు వచ్చే పనుల సంఖ్యను, ఒక్కొక్క పని కనెక్షన్‌ను పట్టుకొని ఉండే కాలంతో గుణించాలి. సెకనుకు 100 పనులు వచ్చి, ఒక్కొక్కటి 0.05 సెకను తీసుకొంటే సగటున 5 కనెక్షన్లు చాలు. అదే పని 2 సెకన్లు పట్టుకొని కూర్చుంటే 200 కావాలి! జనం పెరగలేదు, పట్టుకొని ఉండే కాలమే పెరిగింది.

పళ్ళాలు పెంచితే సరిపోదా అని సందేహం కలుగవచ్చు. పొయ్యిలు ఎనిమిదే ఉన్నప్పుడు పళ్ళాలు ఎన్ని కొన్నా వంట త్వరగా కాదు. ఎనిమిది కోర్ల ప్రాసెసర్ విషయమూ అంతే. మితిమీరిన కనెక్షన్ల మధ్య మారడానికే దాని కాలం కొంత వృథా అవుతుంది.

కనుక ప్రోగ్రాములు వ్రాసే మిత్రులకు మూడు మనవులు. మొదటిది, అవసరం రాగానే తీసుకొని, పని ముగియగానే ఇచ్చివేయండి. వాడుకరి టీ త్రాగి వచ్చేవరకు కనెక్షన్‌ను నిలిపి ఉంచరాదు. మధ్యలో ఆగిన లావాదేవీ పెట్టిన తాళం వల్ల మరొకరి వైద్య ఖర్చుల బిల్లు మంజూరు కాక నిలిచిపోవచ్చు. రెండవది, ప్రోగ్రాములో పొరపాటు తలెత్తినా కనెక్షన్ తిరిగి చేరేలా వ్రాయండి. అలా చేరనివి ఒక్కొక్కటే పోగై పూల్ ఖాళీ అవుతుంది. మూడవది, ఇచ్చేముందు కడగండి. ఒకరి గుర్తింపుకు సంబంధించిన అమరికలు అందులో మిగిలిపోతే, ఒకరి జీతపు వివరాలు మరొకరి కంటబడే ప్రమాదం ఉంది.

కొత్త సర్వర్‌కు ఇండెంటు పెట్టేముందు, ఉన్న కనెక్షన్లలో ఎన్ని పని చేస్తున్నాయో, ఎన్ని ఊరక కూర్చున్నాయో లెక్క చూడవలసిందిగా మా సూచన. సంస్థ ధనమూ మిగులుతుంది, నెలాఖరున మన నిరీక్షణా తగ్గుతుంది.