మైదానం పిల్లలది

వేసవి శిబిరాల వేళ ఇది. సిద్దిపేటలో పొద్దున్నే పిల్లల్ని గ్రౌండుకు దింపే అమ్మానాన్నల కోసమే ఈ సంచిక కూర్చాం.

వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవంజి దీప్తిని చిన్నప్పుడు ఊళ్లో హేళన చేసినవాళ్లు ఉన్నారు. తల్లిదండ్రులు వెన్నంటి నిలిచారు. కోచ్ నాగపురి రమేశ్ ఆమె పరుగును గుర్తించారు. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల కాంస్యం ఆమెదైంది. పతకం అందరికీ రాదు, రానక్కర్లేదు కూడా! నమ్మే ఇల్లు, గౌరవించే గురువు మాత్రం ప్రతి బిడ్డకూ కావాలి. ఈ సంచికలోని రచనలన్నిటినీ కలిపే దారం అదే.

భద్రత దగ్గర మొహమాటం వద్దు. 2012 పోక్సో చట్టం 18 ఏళ్లలోపు వారందరికీ లైంగిక నేరాల నుంచి రక్షణ. కోచింగ్ కేంద్రాలూ దాని పరిధిలోనివే. నీడ, నీళ్లు, ప్రథమ చికిత్స ఉన్నాయా అని అడగండి. పిల్లలకు ఆపద అనిపిస్తే 1098కి ఫోన్ చేయండి.