ప్రాజెక్ట్ మూసేస్తే దేశం మారాడు

ఐటీలో అందరూ భయపడే మాట ఒకటుంది: 'ప్రాజెక్ట్ క్లోజ్ అవుతోంది.' మనం బాగా పని చేశామా లేదా అన్నది అక్కడ లెక్కలోకి రాదు. క్లయింట్ డబ్బు ఆపాడు, రేపట్నుంచి బెంచ్, అంతే. విక్ వైల్డ్ అనే అమెరికా కుర్రాడికి అచ్చం ఇలాగే జరిగింది. కాకపోతే అతను ఆడేది దేశం తరఫున.

వైల్డ్‌ది వాషింగ్టన్ రాష్ట్రంలో వైట్ శామన్ అనే చిన్న ఊరు. ఆట, ఆల్పైన్ స్నోబోర్డింగ్. స్నోబోర్డ్ అనగానే రీల్స్‌లో గాల్లో పల్టీలు కొట్టేవాళ్లు గుర్తొస్తారు కదా, ఇది అది కాదు. ఇది పక్కా రేసు. పొడుగ్గా, సన్నగా ఉండే బోర్డు, కాళ్లకు గట్టి ప్లాస్టిక్ బూట్లు. మంచు వాలు మీద పక్కపక్కనే ఎరుపు, నీలం ట్రాకులు. ఇద్దరు ఒకేసారి గేట్లు చుట్టుకుంటూ కిందికి దూసుకొస్తారు.

పల్టీలకైతే అమెరికాలో స్పాన్సర్లు, టీవీ అన్నీ ఉన్నాయి. రేసులకు లేవు. 2010 వాంకోవర్ ఒలింపిక్స్ తర్వాత అక్కడి స్కీ, స్నోబోర్డ్ సంఘం ఆల్పైన్ ప్రోగ్రామ్‌కి డబ్బు ఆపేసింది. ఆట మానేద్దామనే ఆలోచన దాకా వచ్చాడు వైల్డ్. ఈలోగా 2011లో రష్యా స్నోబోర్డర్ అల్యోనా జవర్జినాతో పెళ్లయింది. ఆమె అదే ఏడాది ప్రపంచ చాంపియన్, మామూలు ప్లేయర్ కాదు. వైల్డ్ రష్యా పౌరసత్వం తీసుకున్నాడు.

గ్రీన్‌కార్డ్ క్యూలో ఏళ్లుగా నిలబడ్డ మా ఫ్రెండ్‌కి ఈ కథ చెబితే, 'అక్కడ పుట్టినోడు రష్యా వెళ్లాడా!' అని నోరెళ్లబెట్టాడు.

2014 సోచి. వైల్డ్‌కి 27 ఏళ్లు. ఫిబ్రవరి 19న పారలల్ జెయింట్ స్లాలమ్‌లో అల్యోనాకి కాంస్యం. కొద్ది నిమిషాలకే మొగుడికి స్వర్ణం! అసలు మజా 22న, పారలల్ స్లాలమ్ సెమీస్‌లో. ఎదురుగా ఆస్ట్రియా దిగ్గజం బెంజమిన్ కార్ల్. అప్పట్లో రూల్ ఏంటంటే, ట్రాకులు మార్చుకుని రెండు రన్‌లు. మొదటి దాంట్లో ఎంత వెనకబడితే రెండో దాంట్లో అంత ఆలస్యంగా మన గేటు తెరుచుకుంటుంది. వైల్డ్ 1.12 సెకన్లు వెనకబడ్డాడు. అంటే కార్ల్ బయల్దేరి వెళ్లిపోతుంటే, మూసిన గేటు వెనక నిలబడి చూడాలి. ఫోన్ అన్‌లాక్ చేసేంత టైమే కదా అనిపిస్తుంది. ఈ ఆటలో అది కొండంత. అయినా ఒక్కో గేటు దగ్గరా కొంచెం కొంచెం లాక్కొచ్చి, చివరికి 0.04 సెకన్ల తేడాతో గెలిచాడు. ఫైనల్లో స్లొవేనియా ఆటగాడు జాన్ కోషిర్‌ని 0.11 తేడాతో కొట్టాడు. ఒకే ఒలింపిక్స్‌లో 2 స్వర్ణాలు గెలిచిన తొలి స్నోబోర్డర్ అతనే.

జెండా మార్చడం ద్రోహం కాదా అంటారా? నాకలా అనిపించదు. ముందు చేయి వదిలింది సంఘం. అలాగని రష్యా దానధర్మం చేసిందనీ అనుకోను. సొంతగడ్డ మీద పతకాలు కావాలి వాళ్లకి. కొరియా నుంచి వచ్చిన స్కేటర్ విక్టర్ ఆన్ అదే సోచిలో వాళ్లకి 3 స్వర్ణాలు తెచ్చాడు. లెక్క ఇద్దరికీ కుదిరింది. మన ఆఫర్ లెటర్లూ అంతేగా!

ఇంకో విచిత్రం చూడండి. సోచి తర్వాత పారలల్ స్లాలమ్‌నే ఒలింపిక్స్ నుంచి తీసేశారు. మళ్లీ ప్రాజెక్ట్ క్లోజ్! ఉన్న ఒక్క ఈవెంట్‌నీ పట్టుకుని 2022 బీజింగ్‌కి వెళ్లాడు, 35 ఏళ్ల వయసులో. డోపింగ్ శిక్ష వల్ల అప్పటికి రష్యా జెండాకి అనుమతి లేదు. ఏ జెండా కోసం దేశం మారాడో అది లేకుండానే, ఒలింపిక్ కమిటీ గుర్తు కింద ఆడి కాంస్యం గెలిచాడు. స్వర్ణం ఎవరిదనుకున్నారు? బెంజమిన్ కార్ల్‌ది. సోచిలో 0.04 సెకన్లతో ఓడిపోయాడే, అతనిదే.