ఆట చూడని రాతకు సంతకం ఎవరిది?

2024 సెప్టెంబరు 8న అమెరికాలోని శాన్ డియెగోలో మహిళల ఫుట్‌బాల్ లీగ్ మ్యాచ్ జరిగింది. నార్త్ కరోలినా కరేజ్ చేతిలో సొంత జట్టు శాన్ డియెగో వేవ్ 1-4తో ఓడిపోయింది. ఈఎస్‌పీఎన్ వెబ్‌సైట్‌లో మ్యాచ్ కథనం వచ్చింది. స్కోరు ఉంది, గోల్స్ వివరాలు ఉన్నాయి. లేనిదల్లా ఒక్కటే. అది అలెక్స్ మోర్గాన్‌కు చివరి మ్యాచ్ అన్న సంగతి. రెండు ప్రపంచకప్‌లు, ఒక ఒలింపిక్ స్వర్ణం నెగ్గిన అమెరికా జట్లలో ఆడిన స్ట్రైకర్ ఆమె. మూడు రోజుల ముందే రిటైర్మెంట్ ప్రకటించింది. జనం ఆ సాయంత్రం స్టేడియానికి వచ్చింది ప్రధానంగా ఆమెకు వీడ్కోలు చెప్పడానికే. తన జెర్సీ నంబరు 13. సరిగ్గా 13వ నిమిషంలో బూట్లు విప్పి మైదానం వీడింది. కథనంలో దీని ఊసే లేదు.

ఆ కథనం రాసింది కృత్రిమ మేధ. మీడియా పెద్దగా పట్టించుకోని ఆటలకు చోటిస్తామంటూ ఆ సంస్థ అప్పుడప్పుడే మొదలుపెట్టిన ప్రయోగమది. ప్రతి కథనాన్నీ ఒక ఎడిటర్ చూశాకే వేస్తామని కూడా చెప్పింది. యంత్రానికి అందే గణాంకాల్లో గోల్‌కు గడి ఉంటుంది, ఎల్లో కార్డుకు గడి ఉంటుంది, వీడ్కోలుకు ఉండదు. కాబట్టి యంత్రం రాయలేదు. అందులో దాన్ని తప్పుపట్టడానికేమీ లేదు. దిద్దాల్సిన మనిషి కూడా దాన్ని దాటేసి పోవడమే ఆలోచించాల్సిన విషయం.

క్రీడా విలేకరుల కొలువులు ఏఐ ఊడగొడుతుందా అన్న ప్రశ్న చుట్టూనే మన చర్చ తిరుగుతోంది. దానికంటే ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న మరొకటుంది. అచ్చయిన ప్రతి ఆట వార్త వెనుకా ఆ ఆట చూసినవారో, దానికి జవాబు చెప్పేవారో ఉన్నారా? ఉంటే యంత్రం సాయం తీసుకోవడంలో నష్టం లేదు. లేకపోతే మనిషి రాసినా అది సరైన వార్త కాదు.

యంత్రం మెరుగనిపించిన సందర్భాలు

యంత్రం రాతను కొట్టిపారేసేవారు 2011 మార్చి నాటి ఒక ఉదంతాన్ని గుర్తుచేసుకోవాలి. వర్జీనియా విశ్వవిద్యాలయ బేస్‌బాల్ పిచర్ ఒకరు జార్జ్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయంపై ‘పర్ఫెక్ట్ గేమ్’ సాధించాడు. ప్రత్యర్థి బ్యాటర్లు 27 సార్లు బరిలోకి దిగినా ఒక్కరు కూడా తొలి బేస్ చేరలేదు. ఇది అతి అరుదైన ఘనత. ఓడిన విశ్వవిద్యాలయం వెబ్‌సైట్ కథనంలో మాత్రం ఆ ముక్క ఎక్కడో కింద నక్కింది. ఇది కచ్చితంగా యంత్రం రాసిందే అయి ఉంటుందని కొందరు నవ్వుకున్నారు. తీరా చూస్తే రాసింది మనిషే. అవే స్కోరు వివరాలను నెరేటివ్ సైన్స్ అనే కంపెనీ తన సాఫ్ట్‌వేర్‌కు ఇస్తే, అది పర్ఫెక్ట్ గేమ్ సంగతిని మొదట్లోనే చెప్పింది. సొంత జట్టు ఓటమిని కప్పిపుచ్చాలన్న తాపత్రయం యంత్రానికి ఉండదు మరి.

2016లో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ అమెరికాలోని మైనర్ లీగ్ బేస్‌బాల్ కథనాలను సాఫ్ట్‌వేర్‌తో రాయించడం మొదలుపెట్టింది. మొత్తం 13 లీగ్‌లు, 142 జట్లు. అన్ని ఊళ్లకు, అన్ని రాత్రులూ విలేకరులను పంపడం ఏ సంస్థకైనా తలకుమించిన భారమే. అదే ఏడాది వాషింగ్టన్ పోస్ట్ రియో ఒలింపిక్స్ ఫలితాలకు ‘హీలియోగ్రాఫ్’ అనే తన సొంత సాఫ్ట్‌వేర్ వాడింది. ఎవరు గెలిచారు, ఎంత తేడాతో గెలిచారు అన్న రెండు మూడు వాక్యాల కోసం ఓ సబ్ ఎడిటర్ అర్ధరాత్రి దాకా కూర్చోనక్కర్లేదు. ఈ మేరకు ఏఐని స్వాగతించాల్సిందే.

ఖాళీ నయం, కట్టుకథ ప్రమాదం

అయితే 2016 నాటి యంత్రం, ఇప్పటి యంత్రం ఒకటి కావు. అప్పటిది ముందే రాసిపెట్టిన వాక్యాల చట్రంలో అంకెలు, పేర్లు నింపేది. వివరం అందకపోతే అక్కడ ఖాళీ ఉండిపోయేది. 2023 ఆగస్టులో అమెరికాలోని గానెట్ గ్రూపు పత్రికల్లో ఇదే జరిగింది. పాఠశాలల ఆటల వార్తలను ఆ గ్రూపు ఓ ఏఐ కంపెనీ సాఫ్ట్‌వేర్‌కు అప్పగించింది. కొలంబస్ డిస్పాచ్ వెబ్‌సైట్‌లో ఓ బాలుర సాకర్ వార్త వచ్చింది. జట్టు ముద్దుపేరు ఉండాల్సిన చోట ‘గెలిచిన జట్టు మస్కట్’, ‘ఓడిన జట్టు మస్కట్’ అన్న సాఫ్ట్‌వేర్ గుర్తులు బ్రాకెట్లతో సహా అలాగే దర్శనమిచ్చాయి. సోషల్ మీడియాలో నవ్వులపాలయ్యాక గానెట్ ఆ ప్రయోగాన్ని ఆపేసింది.

నవ్వొచ్చే తప్పే. కానీ కనీసం ఆ ఖాళీ పాఠకుడి కంటికి కనిపించింది. ఇప్పటి భాషా నమూనాలు ఖాళీని ఖాళీగా వదలవు. వాక్యం సాఫీగా సాగడానికి ఏ మాట అతుకుతుందో అది వేసేస్తాయి. పట్టని క్యాచ్ పట్టిస్తాయి, అనని మాట అనిపిస్తాయి. చదివేవాడికి ఎక్కడా అతుకు కనిపించదు. అందుకే పాత సాఫ్ట్‌వేర్‌కు సరిపోయిన కాపలా ఇప్పటి ఏఐకి చాలదు.

ఈ గుణాన్ని వ్యాపారం ఎంత దూరం తీసుకెళ్లగలదో జర్మనీ వారపత్రిక ‘డీ అక్టుయెల్’ 2023 ఏప్రిల్‌లో చూపించింది. ఫార్ములావన్ దిగ్గజం మైకేల్ షుమాకర్ 2013 డిసెంబరులో స్కీయింగ్ చేస్తూ పడి తలకు తీవ్రంగా దెబ్బ తగిలినప్పటి నుంచి బయటి ప్రపంచానికి కనిపించలేదు. అలాంటి మనిషి ‘తొలి ఇంటర్వ్యూ’ అంటూ ముఖచిత్రంతో సహా వేశారు. ఆ జవాబులన్నీ ఏఐ అల్లినవే. ప్రచురణ సంస్థ క్షమాపణ చెప్పి, ఎడిటర్‌ను తొలగించింది. కుటుంబానికి 2 లక్షల యూరోల పరిహారం దక్కింది. ఇంటర్వ్యూయే ఇవ్వని మనిషి నోట మాటలు పెట్టడాన్ని సాంకేతిక లోపం అనలేం. అది తెలిసి చేసిన పని.

అదే ఏడాది నవంబరులో మరో బాగోతం బయటపడింది. 1954 నుంచి నడుస్తున్న స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ అంటే అమెరికా క్రీడా రచనకు మారుపేరు. దాని వెబ్‌సైట్‌లో డ్రూ ఆర్టిజ్ అనే రచయిత పేరిట కథనాలు వచ్చాయి. బయట తిరగడం ఇష్టమంటూ ఆయన పరిచయం, పక్కనే ఫొటో. ఆ ఫొటో ఏఐతో చేసిన ముఖాలు అమ్మే వెబ్‌సైట్‌లో దొరికేదని, అలాంటి రచయితే లేడని ఫ్యూచరిజమ్ అనే వార్తా వెబ్‌సైట్ బయటపెట్టింది. ఇవి మ్యాచ్ కథనాలు కావు, క్రీడా వస్తువుల సమీక్షలు. బయటి కంపెనీ సరఫరా చేసిందని, రాసింది మనుషులే అని ఆ కంపెనీ తమతో చెప్పిందని ప్రచురణ సంస్థ సంజాయిషీ ఇచ్చుకుంది. పోనీ, అదే నిజమనుకుందాం. లేని మనిషికి ముఖం, పేరు, ఇష్టాయిష్టాలు సృష్టించడం మాత్రం నిజమే కదా. డెబ్బై ఏళ్ల పరువు అలా నాలుగు బంతుల ప్రకటనల పాలైంది.

కాబట్టి అన్నింటినీ ‘ఏఐ రాతలు’ అని ఒకే గాటన కట్టడం సరికాదు. స్కోరును వాక్యాలుగా మార్చడం ఒక ఎత్తు. లేని రచయితను నిలబెట్టడం మరో ఎత్తు. అనని మాటను అచ్చేయడం ఇంకో ఎత్తు. మొదటిదానికి నియమాలు పెట్టుకోవచ్చు. మిగతా రెంటికీ తలుపు మూసేయాలి.

మూడు చుక్కల్లో ఏముంది?

గణాంకాలు పూర్తిగా, తప్పుల్లేకుండా ఉన్నచోట యంత్రం ఎంతవరకు రాయగలదు? మనకు బాగా తెలిసిన ఒక రోజు తీసుకుందాం. 2024 డిసెంబరు 28, మెల్‌బోర్న్ టెస్టు. విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి 99 పరుగుల మీద అవతలి ఎండ్‌లో ఉన్నాడు. బుమ్రా డకౌటయ్యాడు. తొమ్మిది వికెట్లు పోయాయి. చివరి బ్యాటర్, హైదరాబాదీ సిరాజ్ వచ్చాడు. కమిన్స్ ఓవర్‌లో ఇంకా మూడు బంతులున్నాయి. మూడూ ఆపాడు. తర్వాతి ఓవర్‌లో బోలాండ్ బంతిని నితీశ్ బౌండరీకి పంపి సెంచరీ పూర్తిచేశాడు. స్టాండ్స్‌లో తండ్రి ముత్యాల రెడ్డి కన్నీళ్లు పెట్టుకున్నాడు. కొడుకు క్రికెట్ కోసం హిందుస్థాన్ జింక్ ఉద్యోగం వదులుకున్న తండ్రి ఆయన.

స్కోరు పుస్తకంలో సిరాజ్ ఆడిన ఆ మూడు బంతులూ మూడు చుక్కలు. పరుగులు సున్నా. గణాంకాల లెక్కలో అవి అసలేమీ కావు. టీవీ ముందు కూర్చున్న తెలుగువాళ్లకు ఆ రోజు ఆటంతా ఆ మూడు బంతుల్లోనే ఉంది. నితీశ్ 114 పరుగులు చేశాడని, ఆ టెస్టులో భారత్ 184 పరుగుల తేడాతో ఓడిందని యంత్రం క్షణంలో చెబుతుంది. ఓడిన మ్యాచ్‌లో మూడు డాట్ బాల్స్ ఎందుకు గుర్తుండిపోతాయో చెప్పడానికి ఊపిరి బిగబట్టి చూసిన మనిషి కావాలి.

ఆ మనిషి మెల్‌బోర్న్‌లోనే ఉండాలని కాదు. విదేశీ టెస్టుల కథనాలు మన డెస్కుల్లో చాలావరకు టీవీ చూస్తూ, పీటీఐ కాపీ పక్కన పెట్టుకుని, తొలి ఎడిషన్ గడువుతో పరుగెడుతూ రాసినవే. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఆ సబ్ ఎడిటర్ ఆట చూశాడు. మర్నాడు తప్పు దొర్లితే సంజాయిషీ ఇచ్చుకునేదీ అతడే. అలాంటి డెస్కుకు, అదే పీటీఐ కాపీని యంత్రంలో వేసి తెలుగు చేయించి చదవకుండా పేజీలో పెట్టే డెస్కుకు తేడా అదే.

అంకెలే లేని జిల్లా మైదానాలు

ఏఐ వల్ల మారుమూల ఆటలకూ వార్తల్లో చోటు దొరుకుతుందన్న వాదన వినడానికి బాగుంటుంది. అమెరికాలో అది కొంతవరకు నిజమైంది. ఎందుకంటే అక్కడి మైనర్ లీగ్‌లో కూడా ప్రతి బంతీ కంప్యూటర్లో నమోదవుతుంది. మన దగ్గర మండల స్థాయి స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ (ఎస్‌జీఎఫ్) పోటీల ఫలితాలు చాలాచోట్ల కాగితం మీద ఉంటాయి. వ్యాయామ ఉపాధ్యాయుడు దాన్ని ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితేనే కంట్రిబ్యూటర్‌కు అందుతుంది. అందాక అచ్చయ్యేదేమిటి? పోటీలు ప్రారంభించిన ఎమ్మెల్యే పేరు, పక్కన నిలబడ్డ నాయకుల పేర్లు, క్రీడలు మానసికోల్లాసానికి దోహదపడతాయన్న ఒక వాక్యం, చోటు మిగిలితే గెలిచిన బడి పేరు. గోల్ కొట్టిన పిల్ల పేరు కనిపించదు. ఈ వార్తకు ఏఐ అక్కర్లేదు. ఏళ్ల తరబడి మనమే అచ్చులో పోసి తీస్తున్నాం.

అంకెలు లేనిచోట యంత్రానికి పనిలేదు. కాబట్టి తెలుగులో ఏఐ వాడకం పెరిగితే కబడ్డీకో, ఖోఖోకో కొత్తగా వార్తలు పుట్టుకురావు. ఇప్పటికే పొంగిపొర్లుతున్న ఐపీఎల్ మీదే మరో వంద కథనాలు పుడతాయి. నేటి పిచ్ ఎలా ఉంటుంది, తుది జట్టులో ఎవరుంటారు, ఎవరు గెలుస్తారు అంటూ క్లిక్కుల కోసం వండే సరుకు ఇప్పటికే కుప్పలుగా ఉంది. అది చదివి ఎవరైనా ఏమైనా తెలుసుకున్నారా అంటే అనుమానమే.

దీప్తి జీవాంజి విషయం చూడండి. వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి. 2024 మేలో కోబెలో పారా ప్రపంచ చాంపియన్‌షిప్ 400 మీటర్ల టీ20 (మేధో వైకల్య) విభాగంలో 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు నెలకొల్పింది. సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో 55.82 సెకన్లతో కాంస్యం గెలిచింది. ఈ అంకెలు ప్రపంచంలో ఏ యంత్రానికైనా అందుతాయి. బడిలో ఉండగా పరుగెత్తిన రోజులు, ఊళ్లో పడ్డ ఎగతాళి, అమ్మానాన్నల కష్టం ఏ పట్టికలోనూ లేవు. ఎవరో ఆ ఇంటికి వెళ్లి అడిగితేనే లోకానికి తెలిశాయి. ప్రపంచ రికార్డు వచ్చాక వెళ్లడం తేలిక. రాకముందు ఆ మైదానానికి వెళ్లే మనిషిని మనం పోషిస్తున్నామా అన్నదే అసలు ప్రశ్న.

నియమాలు పత్రికలే పెట్టుకోవాలి

క్రీడాకారుల పేరిట అబద్ధాలు చలామణి అవడం కొత్త కాదు. ఏఐ దానికి గొంతును, ముఖాన్ని కూడా ఇచ్చింది. 2024 జనవరిలో సచిన్ తెందుల్కర్ ఒక గేమింగ్ యాప్‌ను మెచ్చుకుంటున్నట్లు నకిలీ వీడియో వచ్చింది. అది తనది కాదని ఆయనే జనాన్ని హెచ్చరించాల్సి వచ్చింది. ఏఐతో చేసిన దృశ్యాలకు, గొంతులకు గుర్తు తప్పనిసరి చేసేలా కేంద్ర ఐటీ శాఖ 2025 అక్టోబరులో ముసాయిదా నిబంధనలు తెచ్చింది. చట్టం వీడియోలను పట్టుకోగలదేమో. పత్రికలో రెండు కాలమ్‌ల వార్తలో దూరిన అబద్ధపు వ్యాఖ్యను పట్టుకోవాల్సింది డెస్కే.

అందుకు చేయదగ్గ పనులున్నాయి. యంత్రం రాసిన స్కోరు వార్తకు ఆ సంగతి పైనే, తెలుగులోనే చెప్పాలి. కింద చిన్నక్షరాల్లో ఇరికిస్తే చెప్పనట్టే. దానికి మనిషి పేరు, ముఖం తగిలించకూడదు. ఆటగాడి మాట ఏదైనా సరే, ఎప్పుడు, ఎవరితో, ఎక్కడ అన్నాడో తేలకుండా అచ్చవకూడదు. సోషల్ మీడియా పోస్టర్ మీద కనిపించిందన్నది ఆధారం కాదు. ఉత్త స్కోరు వార్త కాక మ్యాచ్ కథనమైతే, ఆ మ్యాచ్ చూసినవారు చదివాకే పేజీలోకి వెళ్లాలి.

ప్రభుత్వాల వంతు పనీ ఉంది. పాఠశాల, జిల్లా పోటీల ఫలితాలను రెండు తెలుగు రాష్ట్రాల క్రీడా ప్రాధికార సంస్థలు ఆ సాయంత్రానికే ఒకే పద్ధతిలో ఆన్‌లైన్‌లో పెడితే, అప్పుడు ఏఐ మనకు నిజంగా అక్కరకొస్తుంది. ఎమ్మెల్యే పేరు వెనక్కి పోయి, హ్యాట్రిక్ చేసిన తొమ్మిదో తరగతి అమ్మాయి పేరు ముందుకొస్తుంది. ఆ విధంగా డెస్కులో మిగిలిన జీతం, సమయం కంట్రిబ్యూటర్ బస్సు చార్జీలకు, భత్యానికి మళ్లాలి. మళ్లకపోతే ఏఐ పేరిట జరిగేది ఖర్చు తగ్గింపు మాత్రమే.

యంత్రాన్ని వాడాలా వద్దా అన్న దగ్గరే ఆగిపోతే లాభం లేదు. పాఠకుడు ఫోన్ చేసి ‘ఈ ఆట మీలో ఎవరు చూశారు?’ అని అడిగితే, డెస్కు ఇన్‌చార్జి తడుముకోకుండా ఒక పేరు చెప్పగలగాలి. ఉత్త స్కోరు వార్త అయితే ఎవరు సరిచూశారో చెప్పాలి. రెండూ చెప్పలేని వార్తను వేయకపోవడమే పత్రికకు మర్యాద.