లాటిన్ క్రియను అప్పజెప్పించకండి

లాటిన్ మొదలుపెట్టినవాళ్లకు అందరూ చెప్పే సలహా ఒకటే: ముందు క్రియల పట్టికలు కంఠస్థం చేయండి, అర్థం తర్వాత అదే తెలుస్తుంది. శబ్దమంజరితో సంస్కృతంలోకి అడుగుపెట్టిన మనకు ఇందులో వింతేమీ కనిపించదు. పైగా ఒక్కో క్రియకు కర్తరిలో 60, కర్మణిలో 60 పురుషరూపాలు ఉంటాయని తెలిశాక, వల్లె వేయడం తప్ప గతి లేదనిపిస్తుంది. లెక్క సరైనదే, దాన్నుంచి తీసిన నిర్ణయమే తప్పు.

జరిగింది జరిగినట్టు చెప్పడానికి వాడే కర్తరి రూపాలు 36 చాలు, ఆరు కాలాలకు ఆరేసి. వీటిలో మూడు కాలాలు ముగియని పనివి, మూడు ముగిసిన పనివి. ఈ విభజన నేటి పాఠ్యపుస్తకాల కల్పన కాదు, క్రీ.పూ. మొదటి శతాబ్దంలోనే రోమన్ పండితుడు వర్రో గుర్తించాడు. ముగిసిన పనిని చెప్పే 18 రూపాలకు ప్రత్యయాలు భాషలోని క్రియలన్నిటికీ ఒకటే. ప్రేమించాను అనడానికి ‘అమావీ’, ప్రేమించావు అనడానికి ‘అమావిస్తీ’. మోశాను అంటే ‘తులీ’, మోశావు అంటే ‘తులిస్తీ’. ఎంతో వంకరదని పేరుపడ్డ ‘సుమ్’ (ఉన్నాను) క్రియ కూడా ఇక్కడ బుద్ధిగా ‘ఫుయీ, ఫుయిస్తీ’ అంటుంది. అంటే సగం పట్టికలో అంగం తెలిస్తే చాలు, క్రియ ఏ తరగతిదో తెలియనక్కర్లేదు. మన ‘వస్తాను, వచ్చాను, రాను’ చూడండి: అంగం గుర్తుపట్టలేనంతగా మారినా చివరి ‘ను’ కదలదు. ఏ తెలుగు పిల్లా దీన్ని పట్టిక చూసి నేర్చుకోలేదు.

అసలు చిక్కు మిగతా సగంలో ఉంది, దాన్ని తీర్చడం పట్టిక వల్ల కాదు. ‘మొనేస్’ అంటే హెచ్చరిస్తున్నావు. అదే ముగింపుతో ఉన్న ‘రెగేస్’ మాత్రం భవిష్యత్తు, పాలిస్తావు అని అర్థం. పాలిస్తున్నావు అనాలంటే ‘రెగిస్’. ‘అమో, అమాస్, అమత్’ అని గడగడా అప్పజెప్పేవాడు ఇక్కడే బోల్తా పడతాడు. గుట్టు విప్పేది తుమున్నర్థక రూపం: ‘మొనేరె’లో నడిమి అచ్చు దీర్ఘం, ‘రెగెరె’లో హ్రస్వం. రోమన్ లిపిలో ఈ తేడా అచ్చు మీది చిన్న గీత మీద ఆధారపడుతుంది, అది లేని ముద్రణలే ఎక్కువ. తెలుగు లిపిలో ఎ, ఏ వేర్వేరు అక్షరాలు. ‘లెగిత్’ చదువుతున్నాడు, ‘లేగిత్’ చదివాడు. మన చెవికీ కంటికీ ఇవి ఎప్పుడూ రెండే. ఇంగ్లీషువాళ్ల కోసం రాసిన పుస్తకాలనే నమ్ముకుని ఈ సౌకర్యాన్ని చేతులారా పారేసుకుంటున్నాం.

అక్రమ క్రియల మాటేమిటని అడుగుతారు. వాటి వంకర దాదాపు అంతా అంగంలోనే ఉంటుంది, ప్రత్యయాల్లో కాదు. అందుకే నిఘంటువు ‘ఫెరో, ఫెర్రె, తులీ, లాతుమ్’ అని నాలుగు రూపాలు ఇస్తుంది. కంఠస్థం చేయాల్సిందేదైనా ఉంటే ఇవే. సంస్కృతాన్ని అడ్డం పెట్టుకునేవాళ్లకు గుర్తుచేయాలి: పాణిని పట్టికలు ఇవ్వలేదు, ధాతువుకు ప్రత్యయం చేర్చి రూపం సాధించాడు. ఇక వ్యాకరణమే వద్దు, చదువుతూ పోతే భాష పట్టుబడుతుందనే రెండో వర్గం హాన్స్ ఓర్‌బెర్గ్ పేరు చెబుతుంది. మొదటినుంచి చివరిదాకా లాటిన్‌లోనే నడిచే ఆయన పాఠ్యపుస్తకంలో కూడా ప్రతి అధ్యాయం చివర వ్యాకరణ భాగం ఉందన్న సంగతి మాత్రం చెప్పదు. పసిపిల్లలు రోజంతా భాష వింటారు. వారానికి రెండు మూడు తరగతులకు వచ్చే విద్యార్థికి అంత వినికిడి ఎక్కడిది?

పట్టికలు చింపేయమనడం లేదు. రూపం తానే కట్టుకున్నాక సరిచూసుకోవడానికి అవి బాగా పనికొస్తాయి. మారాల్సింది పరీక్ష. ‘అమో’ను అప్పజెప్పమనడం మాని, ముందెన్నడూ చూడని క్రియకు నాలుగు రూపాలు చేతికిచ్చి, ‘వాళ్లు అప్పటికే మోసి ఉన్నారు’ అనమనాలి. ‘తులీ’ నుంచి ‘తులెరంత్’ కట్టగలిగిన విద్యార్థిని పై తరగతికి పంపవచ్చు.